ఓటరు జాబితా నిర్వహణ, ఓటరు సమాచార పంపిణీ: అమ్రాబాద్ ప్రాంతం

ఒక నియోజకవర్గంలో ఓటు హక్కు ఉన్న పౌరుల పేర్లను ఎన్నికల యంత్రాంగం నమోదు చేసి, ఎప్పటికప్పుడు సవరిస్తూ, అందరికీ కనబడేలా ఉంచే అధికారిక పట్టీ ఓటరు జాబితా. 18 ఏళ్లు నిండితే ఓటు హక్కు వస్తుంది కానీ జాబితాలో పేరు లేనిదే ఆ హక్కు వాడుకోవడం కుదరదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతుంది. ఓటరు గుర్తింపు కార్డు చేతిలో ఉన్నా, పేరు జాబితాలో లేకపోతే పోలింగ్ కేంద్రం నుంచి వెనక్కి రావలసిందే. జాబితాలో ఎవరిని చేర్చాలి, ఎవరి పేరు ఎప్పుడు తీసేయాలి, ఆ వివరాలు ఎవరి చేతికి ఎంతవరకు వెళ్లాలి అనే మూడు ప్రశ్నల చుట్టూ ఓటరు జాబితా చట్టాలన్నీ తిరుగుతాయి.

నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్ మండలం ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. పదర అదే సమయంలో వేరే మండలమైంది. శాసనసభకు ఈ ప్రాంతం 82వ నంబరు అచ్చంపేట నియోజకవర్గం కిందికి, లోక్‌సభకు నాగర్‌కర్నూల్ కిందికి వస్తుంది. రెండూ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. పోటీ చేసే అభ్యర్థికే ఆ రిజర్వేషను వర్తిస్తుంది. ఓటర్ల జాబితా మాత్రం అందరికీ ఒక్కటే. మతం, కులం, లింగం కారణంగా ఎవరినీ జాబితా నుంచి మినహాయించరాదని, ఒక నియోజకవర్గానికి ఒకే సాధారణ జాబితా ఉండాలని రాజ్యాంగం 325వ అధికరణం నిర్దేశిస్తుంది. ఏటా పనుల కోసం ఊరు విడిచే వలస కూలీలు, అడవి లోపలి పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో, ఉండే చెంచులు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. కాబట్టి నివాసం గురించి చట్టం చెప్పే ప్రతి మాటకూ ఈ ప్రాంతంలో బరువు ఎక్కువ.

చట్టపు పునాది

పార్లమెంటు, శాసనసభ ఎన్నికల జాబితాల మీద అధికారం 324వ అధికరణం కింద భారత ఎన్నికల సంఘానిది. అమెరికాలో లాగా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటరు నమోదు చట్టం మన దేశంలో లేదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం, 1960 ఓటర్ల నమోదు నియమాలు దేశమంతటికీ ఒకే విధంగా వర్తిస్తాయి. రాష్ట్ర చట్టాల పాత్ర పంచాయతీలు, మునిసిపాలిటీల దగ్గర మొదలవుతుంది.

నిజాం పాలనలో వయోజనులందరికీ ఓటు లేదు. హైదరాబాద్ రాష్ట్రంలో సార్వత్రిక ఓటు హక్కుతో జాబితాలు 1951-52 తొలి ఎన్నికల కోసమే తయారయ్యాయి. ఆ ఎన్నికలకు దేశం మొత్తం మీద 17.3 కోట్ల మంది పేర్లు నమోదయ్యాయి. సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యను, ఫలానా వారి కూతురిని అని మాత్రమే చెప్పిన సుమారు 28 లక్షల మంది మహిళల నమోదును అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అంగీకరించలేదు. వారిలో అత్యధికులు ఉత్తరాది రాష్ట్రాల వారు. సొంత పేరుతోనే నమోదు అన్న పద్ధతి ఆనాడే స్థిరపడింది. ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమల్లోకి వచ్చింది.

జాబితా తయారీ

రాష్ట్ర స్థాయిలో ముఖ్య ఎన్నికల అధికారి, జిల్లాలో ఎన్నికల అధికారిగా కలెక్టరు, నియోజకవర్గానికి ఓటర్ల నమోదు అధికారి ఉంటారు. నమోదు అధికారిగా సాధారణంగా ఆర్డీఓ, సహాయకులుగా తహసీల్దార్లు పనిచేస్తారు. వీరందరికీ కింద, ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఒక బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ, ఉంటారు. పల్లెల్లో ఈ పని తరచుగా అంగన్‌వాడీ టీచరుకో బడిపంతులుకో పంచాయతీ ఉద్యోగికో పడుతుంది. జాబితా పని సాగినంత కాలం వీరు ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్ మీద ఉన్నట్టే చట్టం లెక్కగడుతుంది. పై అధికారుల సంతకాలు ఎన్ని ఉన్నా, ఒక మనిషి ఊళ్లో ఉన్నాడా లేడా అన్నది బీఎల్ఓ నివేదికే తేలుస్తుంది. మొత్తం వ్యవస్థలో అతి తక్కువ గౌరవ వేతనం పుచ్చుకునే వ్యక్తి మీదే అతి పెద్ద బాధ్యత ఉంది.

కొత్త ఓటుకు ఫారం-6, విదేశాల్లో ఉన్న భారత పౌరులకు 6ఏ, ఆధార్ సంఖ్య ఇవ్వడానికి 6బీ, అభ్యంతరానికి, తొలగింపునకు ఫారం-7, సవరణకు లేదా చిరునామా మార్పునకు ఫారం-8 వాడతారు. 2021 సవరణ చట్టంతో అర్హత తేదీలు ఏడాదికి నాలుగయ్యాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. అంతకు ముందు జనవరి 2న పుట్టిన పిల్లవాడు దాదాపు ఏడాది ఆగవలసి వచ్చేది.

ఏటా జరిగే ప్రత్యేక సంక్షిప్త సవరణలో ముందు ముసాయిదా జాబితా వెలువడుతుంది. దాన్ని గ్రామసభలో చదివి వినిపించాలని ఎన్నికల సంఘం చెబుతుంది. క్లెయిములు, అభ్యంతరాల విచారణ తరువాత తుది జాబితా వస్తుంది. ఆ తరువాత కూడా దరఖాస్తులు తీసుకుంటూనే ఉంటారు కానీ, ఎన్నికల నామినేషన్ల గడువు ముగిసిన క్షణం నుంచి ఆ ఎన్నిక పూర్తయ్యే దాకా ఒక్క పేరు కలపడానికీ తీయడానికీ వీల్లేదు.

జాబితా పేజీని దగ్గరగా చూస్తే ఒక్కో ఓటరుకు ఒక చిన్న గడి ఉంటుంది. అందులో క్రమ సంఖ్య, ఎపిక్ (ఓటరు గుర్తింపు కార్డు) నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం ఉంటాయి. తొలగించిన పేరు మీద గడికి అడ్డంగా ఆ సంగతి అచ్చవుతుంది. క్రమ సంఖ్య పక్కన ఒక ఇంగ్లిషు అక్షరం కారణాన్ని చెబుతుంది. 'ఈ' అంటే చనిపోయారు, 'ఎస్' అంటే వేరే చోటికి మారారు, 'ఆర్' అంటే రెండోసారి నమోదైన పేరు, 'ఎం' అంటే ఆచూకీ లేదు, 'క్యూ' అంటే అనర్హత. వలసల ప్రాంతంలో గొడవంతా 'ఎస్', 'ఎం' అక్షరాల దగ్గరే.

నివాసం, వలస, పెంటలు

ఒక వ్యక్తి ఒక నియోజకవర్గంలో సాధారణంగా నివసిస్తూ ఉండాలని 1950 చట్టం 19వ సెక్షన్ అడుగుతుంది. సాధారణ నివాసం అంటే ఏమిటో 20వ సెక్షన్ చెబుతుంది. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాడు. అలాగే తన నివాస స్థలం నుంచి తాత్కాలికంగా దూరంగా వెళ్లినంత మాత్రాన అక్కడి నివాసి కాకుండా పోడు.

ఈ రెండో వాక్యం పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా, కూలీల కోసమే రాసినట్టు ఉంటుంది. కాల్వలు, ఆనకట్టలు, రోడ్లు, బహుళ అంతస్తుల భవనాల పనులకు ఈ జిల్లా జనం తరతరాలుగా వెళ్తున్నారు. పాలమూరు లేబర్ అనే మాట దేశంలో ఎక్కడ పెద్ద నిర్మాణం జరిగినా వినిపించేది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వానాకాలం పంట అయ్యాక ముంబయికో పుణెకో హైదరాబాద్‌కో వెళ్లి, ఎండాకాలం చివర తిరిగి వచ్చే కుటుంబానికి రేషను కార్డు, పొలం, ముసలి తల్లిదండ్రులు అన్నీ ఊళ్లోనే ఉంటాయి. ఇంటికి తాళం ఉంది కనుక వలస వెళ్లారని రాసేయడం చట్టం ఒప్పే పని కాదు. ఆ తాళం వెనుక ఎవరున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో పక్కింటివాళ్లను అడిగినా తెలుస్తుంది. సవరణ మాత్రం తరచుగా వలసలు ముమ్మరంగా ఉండే శీతాకాలంలోనే సాగుతుంది. ఊరు సగం ఖాళీగా ఉన్న నెలల్లో ఇంటింటి పరిశీలన పెట్టి, కనబడని వారిని లెక్క తీసేస్తే తప్పు కూలీలది కాదు.

చెంచుల సంగతి ఇంకాస్త వేరు. వీరు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహంగా గుర్తింపు పొందినవారు. మన్ననూరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వీరి కోసమే పనిచేస్తుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి పెంటల్లో కొన్ని కుటుంబాలు ఉంటే, వటవర్లపల్లి, సార్లపల్లి లాంటి ఊళ్లలో మరికొన్ని ఉన్నాయి. తేనె, జిగురు, కుంకుడుకాయల కోసం రోజుల తరబడి అడవిలో ఉండే మనిషి బీఎల్ఓ వచ్చిన పూట గుడిసెలో ఉంటాడన్న నమ్మకం లేదు. గుడిసెకు ఇంటి నంబరు ఉండకపోవచ్చు, పుట్టిన తేదీ కాగితం ఉండకపోవచ్చు. అయినా ఓటు ఇవ్వడానికి దారి ఉంది. ఇల్లు లేని వారు రాత్రి ఎక్కడ పడుకుంటారో బీఎల్ఓ ఒకటి కంటే ఎక్కువ రాత్రులు వెళ్లి చూసి నిర్ధారిస్తే చాలు, నివాస ధ్రువపత్రం అక్కరలేదని ఎన్నికల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. పట్టణపు ఫుట్‌పాత్ కోసం రాసిన ఈ వెసులుబాటు స్ఫూర్తి పెంటకు వర్తించకూడదనడానికి కారణమేదీ కనబడదు. 2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు రెండేళ్లలో దేశంలోని 75 బలహీన గిరిజన సమూహాల నమోదు మీద సంఘం ప్రత్యేకంగా దృష్టి పెట్టింది.

అభయారణ్యం లోపలి నుంచి ఊళ్లను బయటికి తరలించే ప్రతిపాదనలు జాబితాకు కొత్త చిక్కు తెస్తాయి. తరలిన కుటుంబం పాత చోటు జాబితా నుంచి పోయి, కొత్త చోట చేరాలి. ఈ రెండూ వేర్వేరు పనులుగా జరిగితే మధ్యలో ఓటు లేని కాలం వస్తుంది. ఫారం-8 ద్వారా మార్పు చేస్తే రెండూ ఒకే దరఖాస్తులో తేలిపోతాయి.

తొలగింపు

చేర్చడం కంటే తీసేయడమే కఠినంగా ఉండాలన్నది చట్టం మొగ్గు. 1950 చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఒకరు నివాసం మారారనో, మరో కారణంతో అర్హులు కారనో పేరు తీసేయాలంటే, ముందుగా ఆ వ్యక్తికి తన మాట చెప్పుకునే సరైన అవకాశం ఇవ్వాలి. మరణం విషయంలో మాత్రమే ఈ అవసరం లేదు. బతికున్న మనిషిని చనిపోయినట్టు రాస్తే ఏ నోటీసూ లేకుండా ఓటు పోయే ప్రమాదం అందులోనే ఉంది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు, ఒకసారి జాబితాలో ఉన్న పేరుకు విలువ ఉందని, దాన్ని తొలగించాలంటే కారణం తెలిపి, ఆధారాలు చూపుకునే వీలు కల్పించాలని తేల్చింది.

ఫారం-7 ద్వారా అభ్యంతరం చెప్పే వ్యక్తి అదే జాబితాలోని ఓటరై ఉండాలి. ఎవరి పేరు మీద అభ్యంతరమో వారి పార్టు నంబరు, క్రమ సంఖ్య, కారణం రాసి, అబద్ధమైతే శిక్షకు లోబడతానని సంతకం పెట్టాలి. పార్టీల బూత్ ఏజెంట్లు మూటగట్టి తెచ్చే దరఖాస్తులకు కూడా రోజువారీ పరిమితి పెట్టారు.

కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉన్నా, తెలుగు రాష్ట్రాల అనుభవం వేరే కథ చెబుతుంది. 2015 మార్చి 3న ఎన్నికల సంఘం ఓటర్ల జాబితా ప్రక్షాళన కార్యక్రమం మొదలుపెట్టి, ఓటరు కార్డులకు ఆధార్ సంఖ్యలను జోడించసాగింది. ఆధార్ వాడకం మీద ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అది ఆగిపోయింది. అప్పటికే జరగవలసిన పని చాలా జరిగింది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల నాడు కార్డులు పట్టుకుని వచ్చిన వేలాది మంది తమ ఓటు గల్లంతైందని తెలుసుకున్నారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా వారిలో ఉన్నారు. అప్పటి ముఖ్య ఎన్నికల అధికారి రజత్ కుమార్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఓటు పోయిన వారికి ఆ క్షమాపణ మరో అయిదేళ్ల దాకా పనికిరాదు.

2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 46 లక్షల పేర్లు, నోటీసు లేకుండా, సాఫ్ట్‌వేర్ సరిపోల్చిన వివరాల ఆధారంగా తొలగించారని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి ఆరోపించారు. హైకోర్టు ఆయన వ్యాజ్యాన్ని కొట్టేయగా, 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు విచారణకు తీసుకుని నోటీసులు ఇచ్చింది. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవారిని కంప్యూటరు ఒకరిగా చూపినప్పుడు, ఊళ్లోకి వెళ్లి చూడవలసిన మనిషి ఆ పని మానేస్తే ఏమవుతుందన్నదే ఈ వ్యాజ్యంలోని అసలు ప్రశ్న. ఒక తండాలో ఒకే పేరు గలవారు అరడజను మంది ఉండడం మన ప్రాంతంలో మామూలు విషయం.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో లక్షల్లో ఫారం-7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వచ్చి పడ్డాయి. తమ పేరుతో దరఖాస్తు వెళ్లిన సంగతే తెలియదని చాలామంది చెప్పడంతో పోలీసు కేసులు నమోదయ్యాయి. తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో, కర్ణాటకలోని కలబురగి జిల్లా ఆళంద నియోజకవర్గంలో 2023 ఎన్నికల ముందు ఆన్‌లైన్‌లో వచ్చిన 6,018 తొలగింపు దరఖాస్తుల్లో నిజమైనవి 24 మాత్రమేనని పరిశీలనలో తేలింది. అక్కడ అధికారులు ఇంటింటికీ వెళ్లి చూశారు కనుకే మిగిలిన 5,994 పేర్లు నిలిచాయి. ఇంతకంటే బలమైన సాక్ష్యం తనిఖీ అవసరానికి మరొకటి అక్కరలేదు. 2025 సెప్టెంబరులో ఈ వ్యవహారం జాతీయ చర్చగా మారాక, ఆన్‌లైన్ దరఖాస్తులకు ఆధార్‌తో ముడిపడిన ఈ-సంతకం తప్పనిసరి చేశారు.

బీహార్‌లో 2025లో జరిగిన ప్రత్యేక ముమ్మర సవరణ తరువాత ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో అంతకుముందున్న 65 లక్షల పేర్లు లేవు. ఎవరి పేరు ఏ కారణంగా పోయిందో బయట పెట్టాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది. అదే ఏడాది నవంబరులో మొదలైన రెండో విడతలో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు కానీ, పుదుచ్చేరిలో భాగమైన యానాం తెలుగువారు మాత్రం ఆ సవరణ కిందికి వచ్చారు.

పంచాయతీ జాబితా

243కే అధికరణం కింద స్థానిక ఎన్నికల జాబితాలు రాష్ట్ర ఎన్నికల సంఘం చూసుకుంటుంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. పంచాయతీకి విడిగా ఓటరు నమోదు ఉండదు. శాసనసభ జాబితాలో ఆ గ్రామానికి చెందిన భాగాన్ని తీసుకుని వార్డుల వారీగా విడగొట్టి ప్రచురిస్తారు. అందుకే పంచాయతీ జాబితాలో పేరు లేదని ఎవరైనా వస్తే, ముందు శాసనసభ జాబితాలో చేర్చుకోమని చెబుతారు.

2018 పంచాయతీరాజ్ చట్టం తండాలను, గూడేలను గ్రామ పంచాయతీలుగా చేసింది. నల్లమల లోపలి అప్పాపూర్ లాంటి పెంట కూడా పంచాయతీ అయింది. కొద్దిమంది ఓటర్లున్న పంచాయతీలో పది పేర్లు పోతే సర్పంచి ఫలితమే మారవచ్చు. శాసనసభ ఎన్నికల్లో కంటికి కూడా ఆనని పొరపాటు ఇక్కడ ఊరి పెత్తనాన్ని నిర్ణయిస్తుంది. 2025 డిసెంబరులో మూడు విడతల్లో జరిగిన పంచాయతీ ఎన్నికలకూ ఇదే పద్ధతిలో జాబితాలు తయారయ్యాయి.

సమాచారం ఎవరి చేతికి

ఓటరు జాబితా బహిరంగ పత్రం. గుర్తింపు పొందిన పార్టీలకు రెండు ప్రతులు ఉచితంగా ఇస్తారు. రుసుము కట్టి ఎవరైనా ప్రతి తీసుకోవచ్చు. తొలగింపు మీద నిఘా పెట్టాలంటే ఈ బహిరంగత ఉండి తీరాలి. తన ఊరి జాబితా తాను చదవలేకపోతే పొరపాటు ఎవరూ పట్టుకోలేరు.

కానీ లక్షల పేర్లను, వయసులను, బంధుత్వాలను, ఇంటి నంబర్లను యంత్రం చదివేలా ఇస్తే అది వ్యాపారపు సరుకవుతుంది. అందుకే వెబ్‌సైటులో పెట్టే జాబితాలో ఫొటో స్థానంలో ఫొటో ఉందన్న మాట మాత్రమే అచ్చవుతుంది, పేజీలు బొమ్మల రూపంలో ఉంటాయి. కంప్యూటరులో పేరు వెతికే వీలున్న జాబితా ఇవ్వాలని కాంగ్రెస్ నాయకుడు కమల్‌నాథ్ వేసిన కేసును 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. గోప్యత కోసం తీసుకున్న ఈ జాగ్రత్త వల్ల పెద్ద పార్టీలకు వచ్చే నష్టం తక్కువ. డబ్బున్నవారు బొమ్మలను కూడా అక్షరాలుగా మార్పించుకుంటారు. జాబితాలో తప్పులు వెతికే స్వచ్ఛంద కార్యకర్తే ఇబ్బంది పడతాడు.

2019 మార్చిలో తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్‌ను తయారు చేసిన హైదరాబాద్ సంస్థ ఐటీ గ్రిడ్స్ మీద, ఓటర్ల వివరాలను, ఆధార్ సమాచారాన్ని అక్రమంగా సేకరించిందన్న ఫిర్యాదుతో కేసు నమోదైంది. తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఏప్రిల్‌లో ఆధార్ ప్రాధికార సంస్థ కూడా ఫిర్యాదు చేసింది. ఆ పార్టీ ఆరోపణలను ఖండించింది. నిజానిజాలు ఎలా ఉన్నా, ఓటరు పేరుకు ఫోను నంబరు, సంక్షేమ పథకాల వివరాలు జోడిస్తే ప్రతి ఇంటి రాజకీయ మొగ్గు లెక్కగట్టవచ్చన్న సంగతి జనానికి అప్పుడే తెలిసింది.

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. చట్టబద్ధమైన బాధ్యత మేరకు బహిరంగపరిచిన వివరాలకు అది వర్తించదు. ఆధార్ విషయంలో మాత్రం కొంత ఊరట దొరికింది. ఓటరు నమోదుకు ఆధార్ తప్పనిసరి కాదని, ఫారాలలో ఆ మేరకు వివరణ ఇచ్చే ఆలోచన ఉందని తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్ వేసిన కేసులో 2023 సెప్టెంబరులో ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు చెప్పింది. అప్పటికే 66 కోట్లకు పైగా ఆధార్ సంఖ్యలు చేరాయి. 2020 జనవరిలో కొంపల్లి మునిసిపల్ ఎన్నికల్లో 10 పోలింగ్ కేంద్రాల్లో ముఖ గుర్తింపు పరిజ్ఞానాన్ని రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రయోగాత్మకంగా వాడింది. ఓటరు ముఖం కూడా సమాచారమే అన్న ఎరుకతో రాసిన నియమమేదీ మన చట్టంలో అప్పటికి లేదు.

ఇతర దేశాలు

బ్రిటన్‌లో రెండు జాబితాలున్నాయి. పూర్తి జాబితా ఎన్నికలకు, చట్టం పేర్కొన్న కొన్ని పనులకు పరిమితం. రెండోది ఎవరైనా కొనుక్కోవచ్చు, అందులోంచి ఓటరు తన పేరు తీయించుకోవచ్చు. అమెరికాలో జాబితా నిర్వహణ రాష్ట్రాలది. 1993 జాతీయ ఓటరు నమోదు చట్టం ప్రకారం ఇల్లు మారారన్న అనుమానంతో పేరు తీయాలంటే నోటీసు పంపి, జవాబు రాకపోతే రెండు జాతీయ ఎన్నికల దాకా ఆగాలి. ఎన్నికలకు 90 రోజుల ముందు మూకుమ్మడి తొలగింపులు ఆపాలి. రాష్ట్రాలు జాబితాలు సరిపోల్చుకోవడానికి 2012లో పెట్టుకున్న ఎరిక్ అనే కూటమి నుంచి 2022 తరువాత పలు రాష్ట్రాలు వైదొలగాయి. రెండు ఎన్నికల దాకా ఆగాలన్న నియమం మన వలస జిల్లాలకు ఎంతగా సరిపోతుందో ఆలోచించదగ్గది.

అప్పీలు, శిక్షలు

నమోదు అధికారి నిర్ణయం మీద 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు, ఆ పైన 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అంటే అమ్రాబాద్ ఓటరుకు అచ్చంపేట తరువాత నాగర్‌కర్నూల్, ఆ తరువాత హైదరాబాద్. పుణెలో సెంట్రింగ్ పని చేస్తున్న కూలీకి నోటీసు ఊళ్లో గోడకు అంటించిన సంగతి తెలిసే లోపే మొదటి గడువు దాటిపోతుంది. అబద్ధపు ప్రకటన చేసినవారికి 1950 చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, జాబితా పనిలో విధి తప్పిన ఉద్యోగికి 32వ సెక్షన్ కింద మూడు నెలలకు తక్కువ కాకుండా రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. అయితే ఉద్యోగి మీద కేసును కోర్టు తీసుకోవాలంటే ఎన్నికల సంఘం లేదా రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి ఆదేశం మేరకు గానీ, వారిచ్చిన అధికారంతో గానీ ఫిర్యాదు రావాలి. ఓటు పోగొట్టుకున్న మనిషి నేరుగా ఆ ఫిర్యాదు చేసే వీలు చట్టంలో లేదు.